ఫొటోలోంచి పెన్సిల్ బొమ్మ!

ఆయనకు బొమ్మలు వేయడం రాదు. కానీ వేయాలని మహా కోరిక. 1833 అక్టోబరులో భార్యతో కలిసి ఇటలీలోని కోమో సరస్సు దగ్గరికి వెళ్లారు. చేతిలో కెమెరా లూసిడా అనే చిన్న పరికరం. దాని గాజు పట్టకంలోంచి చూస్తే ఎదురుగా ఉన్న కొండలూ నీళ్లూ కాగితం మీదే పరిచినట్టు కనిపిస్తాయి. వాటి వెంట పెన్సిల్ పోనిస్తే చాలు, బొమ్మ వచ్చేయాలి. రాలేదు! పరికరం పక్కకు తీస్తే కాగితం మీద మిగిలినవి పిచ్చిగీతలే. ఆ చిరాకులోంచే ఆయనకో ఆలోచన పుట్టింది. ఈ దృశ్యం తనంతట తానే కాగితం మీద అచ్చయిపోతే ఎంత బాగుంటుందీ అని.

ఆయన పేరు విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్. ఫొటోగ్రఫీని కనిపెట్టినవాళ్లలో ఒకరు. ఒక్క నెగటివ్ నుంచి ఎన్ని కాపీలైనా తీసుకునే పద్ధతి ఆయన చలవే. 1844లో ఆయన తన ఫొటోలతో తేవడం మొదలుపెట్టిన పుస్తకానికి పెట్టుకున్న పేరు 'ది పెన్సిల్ ఆఫ్ నేచర్'. అంటే ప్రకృతి పట్టిన పెన్సిల్ అన్నమాట.

పెన్సిల్‌తో గీయడం చేతకాక ఆయన ఫొటో కనిపెడితే, మనమేమో ఫొటోని మళ్లీ పెన్సిల్ బొమ్మగా మార్చుకోవాలని ముచ్చటపడుతున్నాం. పెళ్లిపత్రిక మీద వధూవరుల స్కెచ్, పుట్టినరోజుకి పాపాయి స్కెచ్... ఇవన్నీ సరదాలు. సరదా కాని పని మరొకటుంది. తాతయ్యదో నానమ్మదో ఇంట్లో ఉన్నది ఒకే ఒక్క ఫొటో. అదీ పాస్‌పోర్టు సైజుది, లేదంటే ఏ పెళ్లిలోనో తీసిన గ్రూపు ఫొటోలో మూడో వరసలో బొటనవేలి గోరంత ముఖం. గోడకి తగిలించుకునేంత పెద్దది చేయిస్తే అంతా అలికినట్టు మసక. అలాంటి ఫొటోకి స్కెచ్ చక్కటి దారి. ఫొటోలో వివరాలు తగ్గితే లోపంలా కనిపిస్తుంది. అదే బొమ్మలో తగ్గితే చిత్రకారుడు కావాలని వదిలేశాడనిపిస్తుంది!

ఈ పనికి స్టూడియోకి వెళ్లక్కర్లేదు. ఇంట్లో ఓ మోస్తరు కంప్యూటరుంటే చాలు. ఫొటోషాప్ ఉంటే సరే. అన్నదమ్ములు థామస్ నోల్, జాన్ నోల్ తయారుచేసిన ఆ సాఫ్ట్‌వేర్ 1990లో మార్కెట్లోకి వచ్చింది, ఇప్పుడు దానికి నెలనెలా అద్దె కట్టాలి. ఒక్క బొమ్మ కోసం అంత ఖర్చెందుకు అనుకునేవాళ్లకి 'జింప్' ఉంది. అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో ఇద్దరు విద్యార్థులు 1995లో మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ ఇది. అప్పుడూ ఇప్పుడూ పూర్తిగా ఉచితం. దీని మూడో తరం 2025 మార్చిలో వచ్చింది. ఏదీ ఎక్కించుకోకుండా బ్రౌజర్లోనే పని కానిచ్చేయాలంటే 'ఫొటోపీ' అనే సైటు ఉంది. చూడ్డానికి అచ్చం ఫొటోషాప్‌లానే ఉంటుంది. మనం తెరిచిన ఫొటో వాళ్ల సర్వర్‌కి వెళ్లకుండా మన కంప్యూటర్లోనే ఉండిపోవడం దాని ప్రత్యేకత. ఇంటి పెద్దల ఫొటోలతో పనిచేసేటప్పుడు ఆ మాట గుర్తుపెట్టుకోవడం మంచిది.

తెర తెల్లబోతే కంగారొద్దు

జింప్‌లో ఎలాగో చూద్దాం. ముందు ఫొటోని తెరవండి. పైనున్న 'కలర్స్' మెనూలో 'డీశాచురేట్' అనే ఆప్షన్ ఉంటుంది. దాంతో రంగులు పోయి ఫొటో నలుపు తెలుపుల్లోకి మారిపోతుంది. ఇప్పుడు 'లేయర్' మెనూలోకి వెళ్లి 'డూప్లికేట్ లేయర్' నొక్కండి. ఒకదాని మీద ఒకటి, ఒకేలాంటి రెండు పొరలు తయారవుతాయి. పై పొరని ఎంచుకుని మళ్లీ 'కలర్స్'లోకి వెళ్లి 'ఇన్వర్ట్' నొక్కండి. పక్కనే 'లీనియర్ ఇన్వర్ట్' అని ఇంకోటి కనిపిస్తుంది, అది కాదు. ముఖం నల్లగా, జుట్టు తెల్లగా, పాతరోజుల్లో ఫిల్మ్ రీలుని వెలుతురుకి ఎత్తిపట్టి చూసినట్టుగా నెగటివ్ వస్తుంది.

తర్వాత లేయర్లు కనిపించే చోట 'మోడ్' అని ఓ పెట్టె, అందులో 'నార్మల్' అని ఉంటుంది. దాన్ని 'డాడ్జ్'గా మార్చండి. వెంటనే తెరంతా తెల్లగా అయిపోతుంది. నానమ్మ మాయం! అక్కడక్కడా నాలుగు నల్లచుక్కలు మిగిలితే మిగులుతాయి. కొత్తగా చేసేవాళ్లు చాలామంది ఇక్కడే ఏదో చెడిపోయిందనుకుని మూసేస్తారు. అలా చేయకండి. 'ఫిల్టర్స్'లో 'బ్లర్', అందులో 'గాసియన్ బ్లర్' తెరిచి, అంకెని కొద్దికొద్దిగా పెంచుతూ తెర వంక చూడండి. ముందు కళ్లు వస్తాయి. తర్వాత ముక్కుపుడక, పెదవుల అంచు, చీర మడతలు... తెల్లకాగితం మీద ఎవరో కూర్చుని గీస్తున్నట్టే ఉంటుంది. ఎన్నిసార్లు చూసినా ఆ క్షణం బాగుంటుంది.

ఫొటోషాప్‌లోనూ ఫొటోపీలోనూ ఇదే వరస. మీటలే వేరు. కంట్రోల్, జె కలిపి నొక్కితే రెండో పొర. కంట్రోల్, షిఫ్ట్, యు నొక్కితే రంగులు పోతాయి. కంట్రోల్, ఐ నొక్కితే నెగటివ్. మోడ్ పేరు అక్కడ 'కలర్ డాడ్జ్'. ఒక్క జాగ్రత్త... వాటిలో ముందు రంగులు తీసేసి, ఆ తర్వాతే రెండో పొర తీసుకోండి. లేకపోతే కింది పొరలో రంగులు అలాగే ఉండిపోయి, పెన్సిల్ గీతల మధ్య పసుపూ ఎరుపూ మరకలు తేలతాయి.

బ్లర్ అంకె ఎంత పెట్టాలన్నది ఫొటో సైజుని బట్టి ఉంటుంది. వెయ్యి నుంచి రెండు వేల పిక్సెళ్ల వెడల్పున్న ఫొటోకైతే 8 దగ్గర మొదలుపెట్టి 15 దాకా వెళ్లి చూడండి. తక్కువైతే సన్నటి గీతలు, గట్టి పెన్సిల్‌తో గీసినట్టు. ఎక్కువైతే నీడలు కూడా వచ్చి బొగ్గుతో రుద్దినట్టు. ఇంకా పెంచుకుంటూ పోతే స్కెచ్ పోయి మళ్లీ ఫొటోయే వస్తుంది.

లోపల జరిగేది భాగాహారమే

ఇంతకీ ఇదంతా ఎలా జరిగింది? కంప్యూటర్‌కి బొమ్మలు గీయడం వచ్చా? రాదు. దానికి వచ్చింది లెక్కలే. దాని దృష్టిలో నలుపు తెలుపు ఫొటో అంటే అంకెలు నింపిన గళ్ల కాగితం. ఒక్కో గడి ఒక్కో పిక్సెల్. పూర్తి నలుపు 0, పూర్తి తెలుపు 255, మిగతా ఛాయలన్నీ మధ్యలో. బ్లర్ చేయడమంటే ఒక్కో గడిలో దాని చుట్టుపక్కల గళ్ల సగటు వేయడం. డాడ్జ్ చేసే పనేమో, పై పొర ఎంత తెల్లగా ఉంటే కింది పొరని అంతగా వెలిగించడం. పైన ఉన్నది మసకబారిన నెగటివ్ కాబట్టి, అంతా లెక్కకట్టాక చివరికి తేలేది చిన్న భాగాహారం... ప్రతి పిక్సెల్‌నీ దాని చుట్టుపక్కల సగటుతో భాగించడం!

చెంప మీద ఓ పిక్సెల్ విలువ 180 అనుకుందాం. చెంపంతా ఒకటే ఛాయ, కాబట్టి సగటూ 180. భాగిస్తే ఒకటి వస్తుంది. ఒకటంటే పూర్తి తెలుపు, అంటే ఖాళీ కాగితం. కనురెప్ప అంచు దగ్గర పిక్సెల్ విలువ 60, పక్కనున్న చర్మంతో కలిపి సగటు 120. భాగిస్తే సగం. అక్కడ బూడిదరంగు గీత పడింది. అదే అంచుకి చర్మం వైపు చూస్తే పిక్సెల్ 200, సగటు 150. ఒకటి దాటిపోయింది. కానీ తెలుపుని మించిన తెలుపు లేదు కదా, అది తెలుపుగానే ఉండిపోతుంది. అందుకే ఒక్కో అంచుకి గీత ఒక్కటే, అదీ చీకటి వైపునే పడుతుంది. పెన్సిల్ పట్టిన మనిషి చేసేదీ దాదాపు ఇదే. చెంప మధ్యలో ఏమీ గీయడు, ఛాయ మారేచోటే గీస్తాడు.

డాడ్జ్ అన్న పేరు కూడా స్టూడియో డార్క్‌రూమ్ నుంచి వచ్చిందే. ఎన్‌లార్జర్ కింద ఫొటో కాగితానికి వెలుతురు తగిలిస్తున్నప్పుడు, ముఖం మరీ నల్లబడేలా ఉంటే ఫొటోగ్రాఫర్ తీగకి గుచ్చిన చిన్న అట్టముక్కని అక్కడ అటూ ఇటూ ఆడించేవారు. వెలుతురు తగలనిచోట కాగితం నల్లబడదు, ముఖం తేటగా వస్తుంది. సాఫ్ట్‌వేర్ చేసినవాళ్లు ఆ పేరుని అలాగే ఉంచేశారు.

ఈ భాగాహారం తెలిస్తే ఓ పెద్ద చిక్కు కూడా అర్థమవుతుంది. నల్లటి జుట్టు తెల్లబడిపోవడం! నిగనిగలాడే జడలో పిక్సెల్ విలువ 30, చుట్టూ కూడా 30. భాగిస్తే ఒకటే. పాతికేళ్ల నానమ్మ తలంతా తెల్లగా, చుట్టూ సన్నటి గీత మాత్రం మిగులుతుంది. తాతయ్య నల్లకోటుదీ ఇదే గతి. దీనికి విరుగుడుంది. మొదటి నలుపు తెలుపు ఫొటోని ఇంకో కాపీ తీసి అన్నిటికన్నా పైన పెట్టండి. మోడ్ 'మల్టిప్లై' చేసి, 'ఒపాసిటీ'ని 20కో 30కో తగ్గించండి. జుట్టుకి నలుపు తిరిగొస్తుంది. పెన్సిల్ పొడిని వేలితో మెత్తగా రుద్దినట్టు ముఖానికి కాస్త నీడా వస్తుంది. గీతలు పలచగా అనిపిస్తే 'లెవెల్స్'లో నలుపు వైపున్న గుర్తుని కొద్దిగా లోపలికి జరపండి.

ఇంతవరకూ సాఫ్ట్‌వేర్ పని. ఇక మీ పని. ఈ లెక్కకి ముఖ్యమైనదేదో కానిదేదో తెలియదు. నానమ్మ కనుబొమ్మకి ఎంత గీత గీస్తుందో, వెనకున్న కిటికీ ఊచలకీ దండెం మీది తువ్వాలుకీ అంతే గీస్తుంది. బాపుగారి బొమ్మలు చూసిన కళ్లు మనవి. నాలుగు గీతల్లో మనిషి మొత్తం వచ్చేదంటే, ఆయన గీసినవాటితో పాటు గీయకుండా వదిలేసినవాటి గొప్పతనం కూడా ఉంది. ఏది వదిలేయాలో ఇక్కడ మీరే చెప్పాలి. అన్నిటికన్నా పైన కొత్త పొర తీసుకుని, అంచులు మెత్తగా ఉండే బ్రష్‌తో, తెల్లరంగుతో వెనకున్న సామానంతా చెరిపేయండి. భుజాల దగ్గరా చీరకొంగు దగ్గరా ఒక్కసారిగా కోసేసినట్టు కాకుండా, కిందికి పోయేకొద్దీ పలచబడిపోయేలా వదలండి. పావుగంట పని. నిజం చెప్పాలంటే ఈ పావుగంటే దాన్ని బొమ్మని చేస్తుంది. ముందు చేసిందంతా మీటలు నొక్కడమే.

పాత ఫొటో అయితే...

అన్నిటికన్నా ముందు స్కానింగ్ సరిగ్గా ఉండాలి. ఫోన్‌తో తీసిన ఫొటో పనికిరాదని కాదు గానీ, ట్యూబ్‌లైటు మెరుపు పడితే దాన్ని కూడా గీత కింద గీసేస్తుంది. పాస్‌పోర్టు సైజు ఫొటో వెడల్పు మూడున్నర సెంటీమీటర్లు, ఎత్తు నాలుగున్నర. దాన్ని అంగుళానికి 1200 చుక్కల చొప్పున స్కాన్ చేయిస్తే సుమారు 1650 వెడల్పు, 2125 ఎత్తు వస్తుంది. అంగుళానికి 200 చొప్పున వేసుకున్నా 8, 10 అంగుళాల కాగితం మీద హాయిగా సరిపోతుంది. మామూలుగా 300 చాలులే అని స్కాన్ చేసిస్తే అందులో నాలుగో వంతు కొలతే చేతికొస్తుంది. కాబట్టి స్కానింగ్ చేసే కుర్రాడికి 1200 అని ముందే చెప్పండి.

మడతపడిన గీత, చెదపురుగు కొట్టిన మచ్చ, ఆల్బమ్ జిగురు మరక... ఫొటోలో అంతగా కనిపించనివి స్కెచ్‌లో నల్లగా బయటపడతాయి. వాటిని 'హీల్' టూల్‌తో ముందే బాగుచేసుకోవాలి. పట్టులాంటి గరుకు కాగితం మీద వేసిన పాత కలర్ ఫొటోలతో ఇంకో తంటా. ఆ గరుకంతా ముఖం మీద ఇసుక చల్లినట్టు వచ్చేస్తుంది. రంగులు తీసేశాక, రెండో పొర తీసుకోకముందే కింది పొరకి కూడా అతి కొద్దిగా, ఒకటో ఒకటిన్నరో బ్లర్ ఇస్తే చాలావరకు సర్దుకుంటుంది.

బాగుచేసే ఉత్సాహంలో ఒకటి మాత్రం మరిచిపోకండి. ఏది మచ్చో, ఏది పుట్టుమచ్చో ముందు తెలుసుకోవాలి. గడ్డం మీద చుక్కని మరక అనుకుని తుడిచేసేముందు ఇంట్లో పెద్దవాళ్లని పిలిచి చూపించండి. ఆ చుక్కతోనే ఆవిడని గుర్తుపట్టేవాళ్లుండొచ్చు. నుదుటి మీది గాటు వెనక ఊళ్లో అందరూ చెప్పుకున్న కథ ఏదైనా ఉండొచ్చు.

ఇక్కడే ఏఐ సంగతీ చెప్పుకోవాలి. 2025 మార్చిలో చాట్‌జీపీటీకి బొమ్మలు వేసే కొత్త సౌకర్యం రాగానే, ప్రపంచమంతా తమ ఫొటోలని జపాన్ జిబ్లీ స్టూడియో కార్టూన్లలా మార్చుకుని మురిసిపోయింది. పెన్సిల్ స్కెచ్ కావాలన్నా అర నిమిషంలో ఇస్తుంది. అందంగానే ఇస్తుంది. కానీ అది చేసే పని వేరు. ఫొటోలో ఉన్నదాన్ని భాగించి చూపించడం కాదు, ఫొటోని చూసి కొత్తగా ఇంకో బొమ్మ కల్పించడం. మసకగా ఉన్నచోట తనకి తోచింది పూరిస్తుంది. ఒక కన్ను కాస్త చిన్నదిగా ఉంటే రెండూ సమానం చేస్తుంది. ముక్కుపుడక కుడివైపు నుంచి ఎడమవైపుకి మారిపోవచ్చు, మెట్టపళ్లు వరసలోకి వచ్చేయొచ్చు. పక్కింటివాళ్లు చూసి బాగుందంటారు. డెబ్భై ఏళ్ల మేనత్త మాత్రం కళ్లజోడు సర్దుకుని 'ఎవర్రా ఈవిడ?' అంటుంది. పిల్లల పుట్టినరోజు కార్డుకి ఏఐ బొమ్మయినా పర్వాలేదు. ఎవరిదైతే మరో ఫొటో లేదో, ఇక తీసుకునే వీలూ లేదో, వాళ్ల విషయంలో నేనైతే ఒప్పుకోను. పదేళ్లు గడిచేసరికి పిల్లలకి నానమ్మంటే ఆ గోడ మీదున్న ముఖమే గుర్తుంటుంది.

చేతిలో ఉన్న స్కెచ్ ఏ రకమో తెలుసుకోవడానికి తేలిక పరీక్ష ఒకటుంది. బయట చేయించినా, ఫోన్ యాప్‌లో చేసినా ఇది పనికొస్తుంది. అసలు ఫొటోని, స్కెచ్‌ని ఒకే ఫైల్లో రెండు పొరలుగా తెరవండి. కొలతలు వేరైతే రెండూ ఒకే సైజుకి తెచ్చుకోండి. పైనున్న స్కెచ్ ఒపాసిటీని 50కి తగ్గించండి. కళ్లు కళ్ల మీద, ముక్కు ముక్కు మీద, పుట్టుమచ్చ పుట్టుమచ్చ మీద పడ్డాయా... అది మీ ఫొటోలోంచి వచ్చిందే. కనుపాపలు నాలుగు కనిపించి, చెవులు తలో దారీ పట్టాయంటే ఎవరో కొత్త మనిషిని గీసిచ్చారన్నమాట. డబ్బులిచ్చేముందే ఈ పని చేయండి.

ఫోన్ యాప్‌లలో చాలావాటిది మనం చెప్పుకున్న భాగాహారమే. కొన్ని మాత్రం ఫొటోని తమ సర్వర్‌కి పంపించుకుని అక్కడ తయారుచేసి తిప్పి పంపిస్తాయి. తేడా తెలియాలంటే నెట్ ఆపేసి ప్రయత్నించండి. పనిచేస్తే ఫొటో మీ ఫోన్లోనే ఉన్నట్టు. పనిచేయకపోతే, ఆడపిల్లల ఫొటోలూ చిన్నపిల్లల ఫొటోలూ అందులో పెట్టేముందు కాస్త ఆలోచించండి.

ఇంట్లో బొమ్మలంటే ఇష్టపడే పిల్లలుంటే ఈ స్కెచ్‌ని వాళ్లకీ ఇవ్వొచ్చు. ఒపాసిటీ బాగా తగ్గించి, కనిపించీ కనిపించనట్టు ప్రింటు తీసి, దాని మీదే నిజం పెన్సిల్‌తో గీయమనండి. గీత ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ ఆగుతుందో చేతికి అలవాటవుతుంది. నాలుగైదు బొమ్మలయ్యాక కింద ప్రింటు లేకుండా వేయమనండి.

ఇక ప్రింటింగ్. ముందు పొరలన్నీ అలాగే ఉంచి జింప్ సొంత ఫైలుగా ఓ కాపీ దాచుకోండి. తర్వాత 'ఎక్స్‌పోర్ట్'లోకి వెళ్లి జేపెగ్ తీసుకోండి. అసలు స్కాన్ ఫైలు జోలికి మాత్రం వెళ్లొద్దు, అది విడిగా రెండు మూడు చోట్ల ఉండాలి. స్టూడియోలో నిగనిగలాడే గ్లాసీ కాగితం వద్దనండి. పెన్సిల్ గీత ఎక్కడైనా మెరుస్తుందా? మ్యాట్ కాగితం, అందులోనూ కాస్త మీగడరంగుది దొరికితే మరీ మంచిది. ప్రింటు వేసే మెషీన్లో ఆటో కరెక్షన్ ఆపమని గట్టిగా చెప్పండి. లేకపోతే అది మీ తెల్లకాగితాన్ని చూసి 'అయ్యో, వెలుతురెక్కువైంది' అనుకుని బొమ్మంతా బూడిద చేసి పెడుతుంది. ఫ్రేము కట్టించేముందు వెనకవైపు మెత్తటి పెన్సిల్‌తో పేరూ, ఫొటో తీసిన సంవత్సరమూ, ఊరూ రాసి పెట్టండి. బాల్‌పెన్ను వద్దు, ముందువైపు అచ్చు పడుతుంది.